ఒకే పారుడు, రెండు కారణాలు: సూక్ష్మజీవులు పశువు లోపల అసలు ఏం చేస్తాయి?

లేగదూడ | సోమవారం, ఉదయం 6:50

నెల రోజుల్లో రెండు దూడలు పోయాయి. మొదటిది పుట్టిన రెండో రోజు నీళ్ళలా పారడం మొదలుపెట్టి, మర్నాడు తెల్లవారేసరికి చనిపోయింది. రెండోది తొమ్మిది రోజులు హుషారుగా గంతులు వేసింది. పదో రోజు పసుపుపచ్చగా, విరిగిన పాల తరకలతో పారడం మొదలైంది. మూడు రోజులు పోరాడి పోయింది. రెండుసార్లూ పేడ పరీక్ష చేయించాను. మొదటి దానిలో ఈ.కోలై బాక్టీరియా అన్నారు, రెండో దానిలో రోటా వైరస్ అన్నారు.

నా సందేహం ఇది. రెండూ పారుడే. ఒకటి బాక్టీరియా, ఇంకొకటి వైరస్ అయినప్పుడు లోపల జరిగేది ఒకటేనా? "క్రిములు చేరాయి" అన్న మాట చిన్నప్పటి నుంచీ వింటున్నాను. చేరి ఏం చేస్తాయో ఎవరూ చెప్పలేదు. మూడో ఆవు ఈ వారంలో ఈనేలా ఉంది. అందుకే అడుగుతున్నాను.

సూదిమందు | సోమవారం, ఉదయం 9:15

లేగదూడ గారూ, ముప్ఫై ఏళ్ళకు పైగా పశువైద్యం చేశాను. కళ్ళ ముందు దూడ పోతే ఇంట్లో ఎలా ఉంటుందో తెలుసు. మీ ప్రశ్నకు జవాబు: లోపల జరిగింది ఒకటి కాదు.

పేగు లోపలి గోడ నున్నగా ఉండదు. మఖమల్ గుడ్డ మీది నూగులా చూషకాలు నిలబడి ఉంటాయి. వాటి కొనల మీది ముదురు కణాలు పాలను అరిగించి లోపలికి పీల్చుకుంటాయి. మొదళ్ళ దగ్గరి గుంటల్లో లేత కణాలు పుడుతూ, మెల్లగా పైకి జరుగుతూ, కొనకు చేరేసరికి ముదురుతాయి.

ఈ.కోలైలో రకాలు చాలా ఉన్నాయి, ఎక్కువ భాగం ఏ హానీ చేయవు. మీ దూడను పట్టిన రకానికి ఒంటి నిండా సన్నని వెంట్రుకల్లాంటి పోగులు ఉంటాయి. వాటితో పేగు గోడకు అతుక్కుంటుంది. అవి పట్టుకునే చోట్లు దూడ పేగులో పుట్టిన మొదటి మూడు నాలుగు రోజులే బాగా ఉంటాయి, ఆ తర్వాత తగ్గిపోతాయి. అందుకే ఈ జబ్బు రెండో రోజు దూడకు వస్తుంది, నెల దూడకు రాదు. అతుక్కున్న బాక్టీరియా గోడను కొరకదు, చీల్చదు. ఒక విషాన్ని వదులుతుంది. ఆ విషం తగిలిన కణం తనలోని ఉప్పును పేగులోకి కుమ్మరిస్తుంది, ఉప్పు వెంట నీరు పోతుంది. చనిపోయిన దూడ పేగును కోసి సూక్ష్మదర్శిని కింద పెడితే గోడ దాదాపు చెక్కుచెదరకుండా కనిపిస్తుంది. నేను మొదటిసారి అది చూసినప్పుడు నమ్మలేకపోయాను.

రోటా వైరస్ దారి వేరు. అది నేరుగా చూషకాల కొనల మీది ముదురు కణాల్లోకి దూరి, వాటిలో తన సంతతిని పెంచుకుని, వాటిని చంపేస్తుంది. చూషకాలు మొండిగా మిగులుతాయి. తాగిన పాలను అరిగించే కణాలు లేవు. అరగని పాల చక్కెర పేగులోనే ఉండి నీటిని తన వైపు లాగుతుంది. మీరు చూసిన తరకలు అరగని పాలే.

ఒకదానిలో గోడ బాగానే ఉంది, కుళాయి విప్పి వదిలేసినట్లయింది. ఇంకొకదానిలో గోడే రాలిపోయింది.

లేగదూడ | సోమవారం, మధ్యాహ్నం 1:30

ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదండీ. మరి చావు దేని వల్ల వచ్చింది? విషం వల్లా, వైరస్ వల్లా?

సూదిమందు | సోమవారం, రాత్రి 8:05

రెండింటిలోనూ ప్రాణం తీసింది నీరు, ఉప్పు పోవడమే. పారుడులో నీటితో పాటు సోడియం, రక్తంలోని క్షారం పోతాయి. రక్తం ఆమ్లంగా మారుతుంది. కణాల లోపల ఉండాల్సిన పొటాషియం బయటికి వచ్చి రక్తంలో పేరుకుంటుంది. దాంతో గుండె లయ తప్పి ఆగిపోతుంది. "రాత్రి లేచి నిలబడింది, పొద్దున చూస్తే లేదు" అని చాలామంది చెప్పేది అందుకే.

ఈసారి ఒక పని నేర్చుకోండి. దూడ మెడ మీది చర్మాన్ని రెండు వేళ్ళతో పట్టి పైకి లాగి, సగం మెలిపెట్టి వదలండి. ఆరోగ్యంగా ఉంటే వెంటనే సర్దుకుంటుంది. రెండు సెకన్లు దాటినా ముడత అలాగే నిలిచి ఉంటే నీరు పోతోందన్నమాట. ఆరు సెకన్లు దాటి, కనుగుడ్డుకూ రెప్పకూ మధ్య సందు కనిపించి, నోట్లో వేలు పెడితే చల్లగా తగిలితే ఇంట్లో చేయగలిగింది లేదు, నరం ద్వారా ద్రవం ఎక్కించాల్సిందే.

దానికి ముందే అయితే ఉప్పు, గ్లూకోజ్, క్షారం కలిపిన ద్రవం నోటి ద్వారా పట్టవచ్చు. ఈ.కోలై విషం కుళాయి విప్పినా, గ్లూకోజునూ సోడియాన్నీ జంటగా లోపలికి లాగే ద్వారాన్ని మూయలేదు. ఆ ద్వారం గుండానే నీరు తిరిగి వెళ్తుంది. రోటా వచ్చినప్పుడు కూడా పేగు అంతా ఒకేసారి దెబ్బతినదు, మిగిలిన భాగం పీల్చుకుంటుంది. కొత్త కణాలు కొద్ది రోజుల్లో కొనలకు ఎక్కుతాయి. అంతవరకు దూడను నిలబెట్టాలి, అంతే. పాలు పూర్తిగా మానేయవద్దు. ద్రవం ఒక పూట, పాలు ఒక పూట కొంత ఎడంతో పట్టండి.

మందకాపరి | సోమవారం, రాత్రి 9:40

డాక్టరుగారి మాటకు ఎదురు చెప్పడం కాదు గానీ, నా అనుభవం వేరు. ఇరవై ఏళ్ళుగా గొర్రెల మంద చూస్తున్నాను. బాక్టీరియా, వైరస్, ఏ పేరైతేనేం, జ్వరం వచ్చినప్పుడు యాంటీబయాటిక్ వేస్తే సగం లేస్తాయి, సగం పోతాయి. మేత బాగుంటే, ఒంట్లో బలం ఉంటే ఏ క్రిమీ ఏమీ చేయదు. బక్కచిక్కిన దానికే రోగం. పేర్లు తెలుసుకుని మనం చేసేది ఏముంది?

మూడో_సంవత్సరం | సోమవారం, రాత్రి 10:20

మందకాపరి గారూ, పశువైద్య విద్యార్థిని నేను. మీ అనుభవం ముందు నా చదువు చిన్నది. అయినా ఈ మాటకు గట్టిగా అడ్డు చెప్పాలనిపిస్తోంది.

బలమైన దానికి రోగం రాదన్నారు. జబ్బవాపు చూడండి. ఆరు నెలల నుంచి రెండేళ్ళ లోపు, బాగా కండపట్టిన పడ్డలకే అది ఎక్కువ. ఆ బాక్టీరియా బీజాలు (గట్టి పెంకులో నిద్రపోయే దాని రూపం) మేతతో లోపలికి వెళ్ళి కండరంలో ఊరికే పడి ఉంటాయి. ఎక్కడైనా కండ నలిగి, అక్కడ ఆమ్లజని తగ్గితే మొలకెత్తుతాయి. విషంతో కండను చంపి, అందులో వాయువు నింపుతాయి. చేత్తో నొక్కితే కరకరమంటుంది. మీ గొర్రెల్లో చిటుక రోగం కూడా అంతే. బాగా పాలు తాగే, గింజలు మేసే బలమైన పిల్లనే పట్టుకుంటుంది. పేగులో ఎప్పుడూ ఉండే క్లాస్ట్రీడియం బాక్టీరియా, అరగకుండా దిగిన పిండిపదార్థం దొరకగానే విపరీతంగా పెరిగి విషం వదులుతుంది. ఆ విషాన్ని చురుకుగా మార్చేది గొర్రె సొంత జీర్ణరసమే.

ఇక మందు సంగతి. పెన్సిలిన్ బాక్టీరియా గోడ కట్టుకోకుండా అడ్డుకుంటుంది. మేకల్లో ప్రాణాంతకమైన ఒక ఊపిరితిత్తుల జబ్బును తెచ్చే మైకోప్లాస్మాకు అసలు గోడే లేదు. లేని గోడను పెన్సిలిన్ ఎలా పడగొడుతుంది? వైరస్‌కు గోడా లేదు, సొంత యంత్రాంగమూ లేదు. పశువు కణంలోని యంత్రాలతోనే తన పని చేయించుకుంటుంది. దాని మీద యాంటీబయాటిక్ పనిచేయదు.

సూదిమందు | మంగళవారం, ఉదయం 7:30

ఇద్దరూ తమ తమ చోట నిజమే చెబుతున్నారు. "సగం లేస్తాయి" అని మందకాపరి గారు అన్నది ఊహ కాదు, నేనూ చూశాను. దానికి కారణం ఉంది.

దూరప్రయాణం చేసి, అలసి, కొత్త మందలో కలిసిన పశువులకు ఊపిరితిత్తుల జబ్బు వస్తుంది. ముందు ఒక వైరస్ శ్వాసనాళంలోకి చేరుతుంది. ఆ నాళం లోపల సన్నని కేశాలు అలలా కదులుతూ దుమ్మునూ చీమిడినీ పైకి తోస్తూ ఉంటాయి. వైరస్ ఆ కణాలను రాల్చేస్తుంది. ముక్కులో ఎప్పటినుంచో పడి ఉన్న మన్‌హీమియా అనే బాక్టీరియాకు అప్పుడు ఊపిరితిత్తుల లోతుకు దారి దొరుకుతుంది. దాన్ని పట్టుకోవడానికి తెల్లరక్తకణాలు పరుగెత్తుకొస్తాయి. ఆ బాక్టీరియా విషం ముఖ్యంగా పశుజాతి తెల్లకణాలనే పగలగొడుతుంది. పగిలిన కణాల్లోని ఘాటైన రసాలు ఊపిరితిత్తి మీద ఒలికి దాన్ని కరిగిస్తాయి. శవపరీక్షలో ఊపిరితిత్తి కాలేయంలా గట్టిపడి కనిపిస్తుంది. దారి తెరిచింది వైరస్, చొరబడింది బాక్టీరియా, తగలబెట్టినవి పశువు సొంత కణాలు. యాంటీబయాటిక్ తొందరగా పడితే రెండో మెట్టు దగ్గర ఆగుతుంది. ఆలస్యమైతే మంటను ఏ మందూ ఆర్పలేదు. మందకాపరి గారి మందలో లేచిన సగం, పోయిన సగం బహుశా అలాంటివే.

అందుకే సూది వేసే ముందు ఏ మెట్టులో ఉందో తెలుసుకోవాలి.

స్లయిడ్‌గాజు | మంగళవారం, ఉదయం 11:10

రోగ నిర్ధారణ ప్రయోగశాలలో పనిచేస్తాను. "చేరి ఏం చేస్తాయి" అన్న లేగదూడ గారి ప్రశ్న చదివినప్పుడు నాకు థైలేరియా స్లయిడు గుర్తొచ్చింది.

పిడుదు కుట్టినప్పుడు దాని లాలాజలంతో ఈ ఏకకణ జీవి పశువులోకి వస్తుంది. కొద్ది రోజుల్లో జబ్బ ముందున్న గ్రంథి కోడిగుడ్డంత ఉబ్బుతుంది. సూదితో ఆ గ్రంథి నుంచి ఒక చుక్క తీసి, గాజు మీద పూసి, రంగు వేసి చూస్తాం. పెద్ద పెద్ద తెల్లరక్తకణాలు, ఒక్కో కణంలో నీలి మచ్చ, ఆ మచ్చ మీద చిలకరించినట్లు ఎర్రని చుక్కలు. వాటిని కోక్ నీలి వస్తువులు అంటారు.

ఈ జీవి కణాన్ని చంపదు. దాన్ని ఆగకుండా విభజన చెందమని పురమాయిస్తుంది. కణం రెండుగా చీలేటప్పుడు, కణం తన క్రోమోజోములను పంచుకునే కండె పోగులకే తానూ అంటిపెట్టుకుని రెండు ముక్కలవుతుంది. పిల్లకణాలు రెండింటిలోనూ పరాన్నజీవి ఉంటుంది. అంటే ఆ తెల్లరక్తకణం కాన్సర్ కణంలా మారిపోతుంది. బుపార్వాక్వోన్ అనే మందుతో పరాన్నజీవిని చంపితే ఆ కణం పిచ్చి విభజన ఆగిపోతుంది. నాకు తెలిసినంతలో జీవశాస్త్రంలో ఇంతకంటే ఆశ్చర్యపరిచేది తక్కువ.

పిడుదే మోసుకొచ్చే ఇంకో ఏకకణ జీవి బెబీసియా పద్ధతి మొరటుది. ఎర్రరక్తకణంలో దూరి, రెండుగా చీలి, కణాన్ని పగలగొట్టుకుని బయటపడుతుంది. ఒలికిన ఎర్రరంగు మూత్రంలోకి దిగి కాఫీ రంగులో పోస్తుంది. ఒక కీటకజాతి జీవి రోగాన్ని మోస్తుందని రుజువైన తొలి సందర్భాల్లో ఇది ఒకటి. 1893లో అమెరికాలో స్మిత్, కిల్‌బోర్న్ దీన్ని ప్రకటించారు.

మూడో_సంవత్సరం | మంగళవారం, మధ్యాహ్నం 3:00

పిడుదు కీటకం కాదు కదా మేడం, ఎనిమిది కాళ్ళు కదా? సాలీడు బంధువు.

మాకు గత నెల దొమ్మ రోగం (ఆంత్రాక్స్) పాఠం జరిగింది. అదీ ఇక్కడ పంచుకుంటాను. ఆ బాక్టీరియా తన చుట్టూ ఒక జిగురు తొడుగు వేసుకుంటుంది, దాంతో తెల్లకణాలు దాన్ని మింగలేవు. విషం మూడు ముక్కలుగా ఉంటుంది. మొదటి ముక్క కణం మీద వాలి, తనలాంటి మరో ఆరింటితో కలిసి ఒక ద్వారం కడుతుంది. మిగతా రెండు ముక్కలు ఆ ద్వారం గుండా లోపలికి వెళ్తాయి. ఒకటి కణంలో నీరు పట్టేలా చేసి వాపు తెస్తుంది, రెండోది కణం లోపలి సంకేతాలను తెంచేస్తుంది. ద్వారం కట్టే ముక్క లేకపోతే మిగతా రెండూ పనికిరానివే. చనిపోయిన పశువు శరీరం నిండా బీజాలు ఉంటాయి కాబట్టి శవాన్ని ముట్టుకోవద్దంటారు.

స్లయిడ్‌గాజు | మంగళవారం, సాయంత్రం 6:25

పిడుదు విషయంలో మీదే సరి, తొందరలో రాశాను.

చివరి వాక్యాన్ని మాత్రం సరిచేయాలి, ఎందుకంటే దాని మీద ప్రాణాలు ఆధారపడి ఉన్నాయి. కోయని శవంలో బీజాలు ఉండవు, కడ్డీల్లాంటి మామూలు బాక్టీరియా ఉంటుంది. బీజం కట్టాలంటే ఆమ్లజని కావాలి. శవాన్ని కోయకుండా ఉంచితే లోపల కుళ్ళు పుట్టించే ఇతర బాక్టీరియా వీటిని చాలావరకు చంపేస్తుంది. కత్తి పడిందంటే రక్తంలోని బాక్టీరియా గాలి తగిలి బీజాలవుతుంది, ఆ నేల పదుల ఏళ్ళు పాడవుతుంది. ముక్కు, నోరు, మలద్వారం నుంచి కారిన రక్తం మాత్రం అప్పటికే గాలిలో ఉంది, అక్కడ బీజాలు కడతాయి. అందుకని ముట్టుకోవద్దన్న మాట సరైనదే, దానికన్నా ముందు "కోయవద్దు" అన్న మాట రావాలి.

స్కాట్లండ్ పక్కన గ్రూనార్డ్ అనే చిన్న దీవిలో 1942లో గొర్రెల మీద ఈ బీజాలతో ఆయుధ పరీక్షలు చేశారు. 1986లో ఫార్మాల్డిహైడ్ కలిపిన సముద్రపు నీటితో నేలను తడిపి శుద్ధి చేశారు. సురక్షితమని ప్రకటించింది 1990లో. నలభై ఎనిమిదేళ్ళు!

1876లో రాబర్ట్ కోక్ ఎద్దు కంటిలోని ద్రవపు చుక్కలో ఈ బాక్టీరియాను పెంచి, దారాల్లా సాగడం, దారాల్లో ముత్యాల్లా బీజాలు కట్టడం కళ్ళతో చూశాడు. ఒక రోగానికి ఒక నిర్దిష్ట సూక్ష్మజీవి కారణమని గట్టిగా నిరూపణ అయింది ఈ పశురోగంతోనే. మా ప్రయోగశాలలో ఎవరైనా కొత్తగా చేరితే ముందు ఈ కథ చెబుతాను.

సందర్భం వచ్చింది కాబట్టి: హఠాత్తుగా పడిపోయి, రంధ్రాల నుంచి గడ్డకట్టని నల్లటి రక్తం కారుతున్న శవం కనిపిస్తే కత్తి తీయకండి. చెవి నరం నుంచి ఒక్క చుక్క రక్తం పశువైద్యులే తీసుకుంటారు, మాకు అది చాలు.

మూడో_సంవత్సరం | మంగళవారం, సాయంత్రం 6:50

ధన్యవాదాలు మేడం. ఈ తేడా ఇక మరచిపోను.

గుడ్లగంప | బుధవారం, ఉదయం 8:00

కోళ్ళవాళ్ళ ప్రశ్న ఒకటి. కొక్కెర తెగులు ఒకే వైరస్ అంటారు. ఒక షెడ్డులో కోళ్ళు నాలుగు రోజులు తుమ్మి ఊరుకుంటాయి. ఇంకో షెడ్డులో మెడలు తిరిగి, ఆకుపచ్చగా పారి, వారంలో ఊడ్చిపెట్టుకుపోతాయి. టీకాలో ఇచ్చేది కూడా బతికున్న ఆ వైరస్సే అంటారు. ఇదెలా?

మూడో_సంవత్సరం | బుధవారం, ఉదయం 9:30

ఇది నాకు చాలా ఇష్టమైన విషయం. ఆ వైరస్ పైన ఒక మాంసకృత్తి ఉంటుంది. కణంలోకి దూరాలంటే అది ముందుగా ఒక చోట తెగాలి. తెంచే కత్తెర వైరస్ దగ్గర లేదు, కోడి శరీరంలోని ఎంజైముల మీదే ఆధారపడుతుంది. మెత్తని రకం వైరస్‌లో తెగాల్సిన చోటు ఒక తరహా ఎంజైముకే లొంగుతుంది. అలాంటి ఎంజైములు శ్వాసనాళంలో, పేగుల్లో ఉంటాయి. కాబట్టి వైరస్ అక్కడే ఉండిపోతుంది. తుమ్ములు, అంతే. తీవ్రమైన రకంలో ఆ చోట రెండు మూడు అమైనో ఆమ్లాలు మారి ఉంటాయి. అప్పుడు శరీరంలోని ప్రతి కణంలోనూ ఉండే ఇంకో ఎంజైము దాన్ని తెంచగలదు. మెదడు, గుండె, ప్లీహం, ఎక్కడికైనా వెళ్తుంది. టీకాలో వాడే లసోటా రకం మెత్తనిది. పక్షి ఫ్లూలోనూ ప్రాణాంతక రకాన్ని వేరు చేసేది ఇలాంటి మార్పే.

సూదిమందు | బుధవారం, రాత్రి 8:40

బాగా చెప్పావమ్మా. విషం ఎక్కడ వాలుతుందన్నదే రోగం రూపాన్ని నిర్ణయిస్తుందనడానికి నేను చూసిన ఒక గుర్రం గురించి చెబుతాను.

గిట్టలో మేకు దిగి పది రోజులైంది. పుండు మానిపోయింది కూడా. నేను వెళ్ళేసరికి నాలుగు కాళ్ళు విడివిడిగా చాచి చెక్క గుర్రంలా నిలబడి ఉంది. చెవులు నిక్కపొడుచుకుని, తోక కొద్దిగా ఎత్తి, ముక్కుపుటాలు విప్పార్చి ఉంది. గడ్డం కింద నెమ్మదిగా తట్టాను. కంటి లోపలి మూల నుంచి మూడో రెప్ప తెల్లగా జారి కంటిని సగం కప్పి, మళ్ళీ వెనక్కి పోయింది. ధనుర్వాతం. ఆ చూపు ఇప్పటికీ మరచిపోలేను, ఆ గుర్రానికి స్పృహ పూర్తిగా ఉంది.

బాక్టీరియా ఆ గిట్ట దాటి ఎక్కడికీ పోలేదు. దాని విషం మాత్రం నాడి కొసను పట్టుకుని వెన్నుపాము దాకా వెనక్కి పాకింది. అక్కడ కండరాలకు "ఇక చాలు, వదులు" అని చెప్పే నాడీకణాల నోరు నొక్కేసింది. కండరాలన్నీ బిగుసుకుని ఉండిపోయాయి. దానికి చుట్టమైన బోట్యులిజం విషం కండరం దగ్గరి నాడి కొసలోనే ఆగిపోయి, "కదులు" అనే సంకేతాన్ని ఆపేస్తుంది. పశువు కట్టెలా బిగుసుకోదు, తడిగుడ్డలా వాలిపోతుంది. నాలుకను పక్కకు లాగితే వెనక్కి తీసుకోలేదు. రెండు విషాలూ చేసే పని ఒకటే: నాడి తన సందేశాన్ని బయటికి వదిలే యంత్రంలోని మాంసకృత్తులను కోయడం. కోసిన చోటు వేరు కాబట్టి ఒకదానిలో బిగువు, ఇంకొకదానిలో సడలింపు.

రేబిస్ వైరస్ కూడా నాడి దారినే ఎంచుకుంటుంది. కాటు దగ్గరి నుంచి నాడి లోపలే మెదడుకు ఎక్కుతుంది. రక్తంలోకి రాదు కాబట్టి రోగనిరోధక వ్యవస్థ కంట పడదు. మెదడు నుంచి లాలాజల గ్రంథికి దిగుతుంది. మెదడును కలవరపెట్టి కరిచేలా చేయడం, అదే సమయంలో లాలాజలంలో తాను నిండి ఉండటం. కాటుకూ లక్షణాలకూ మధ్య ఉన్న ఆ వ్యవధి వల్లే కరిచిన తర్వాత వేసే టీకా పనిచేస్తుంది. ఆ వ్యవధిని ఎవరూ వృథా చేయవద్దు.

మందకాపరి | బుధవారం, రాత్రి 10:15

అన్నీ చదివాను. చిటుక రోగం గురించి ఆ విద్యార్థిని చెప్పింది నిజమే. నా మందలో పోయినవి ఎప్పుడూ పుష్టిగా ఉన్న పిల్లలే. ఇన్నాళ్ళూ దిష్టి అనుకున్నాను. నా మాట వెనక్కి తీసుకుంటున్నాను.

నాకు బాగా తెలిసినది నట్టల సంగతి. నాలుగో కడుపులో ఉండే ఎర్ర తెలుపు చారల నట్ట ఒక్కొక్కటి రోజుకు 0.05 మిల్లీలీటరు రక్తం తాగుతుందని ఒక శిక్షణలో చెప్పారు. వెయ్యి నట్టలుంటే రోజుకు 50 మిల్లీలీటర్లు. ముప్ఫై కిలోల గొర్రెలో ఉండేదే రెండు లీటర్ల రక్తం. అందుకే నేను ప్రతి వారం కింది కనురెప్ప తిప్పి చూస్తాను. ఎర్రగా ఉంటే వదిలేస్తాను, తెల్లబడితే మందు తాగిస్తాను. దవడ కింద నీరు చేరి సంచీలా వేలాడిందంటే చాలా ఆలస్యమైనట్లే. అన్నింటికీ ఒకేసారి మందు తాగించడం మానేశాను, మందుకు లొంగని నట్టలే మిగిలిపోతున్నాయి.

నా అనుమానం ఒకటి. కార్జపు జలగలు పట్టిన గొర్రె చిక్కి చిక్కి చావాలి. కొన్ని మాత్రం నిలబడినవి నిలబడినట్లే పోతాయి. ఎందుకు?

సూదిమందు | గురువారం, ఉదయం 6:45

మందకాపరి గారూ, కనురెప్ప చూసి మందు తాగించే పద్ధతి చాలా మంచిది, అందరూ నేర్చుకోవాలి.

మీ అనుమానానికి జవాబు మళ్ళీ ఇద్దరు కలిసి చేసే పనే. జబ్బవాపు బీజాల్లాగే ఇంకో క్లాస్ట్రీడియం బీజాలు ఆరోగ్యంగా ఉన్న గొర్రె కాలేయంలో నిద్రపోతూ ఉంటాయి. జలగ పిల్లలు కాలేయాన్ని తొలుచుకుంటూ పోయినప్పుడు వాటి వెనక చచ్చిన కణజాలపు దారులు మిగులుతాయి. అక్కడ ఆమ్లజని ఉండదు. బీజం మేల్కొంటుంది, విషం వదులుతుంది, గంటల్లో గొర్రె పోతుంది. చర్మం ఒలిస్తే లోపలి వైపు నల్లగా ఉంటుంది, అందుకే దాన్ని నల్ల జబ్బు అన్నారు. జలగకు మందు తాగిస్తే, నత్తలున్న చిత్తడి మేతను తప్పిస్తే ఈ బాక్టీరియా కూడా లేవదు.

గబ్బిలం | గురువారం, మధ్యాహ్నం 12:20

శిలీంధ్రాలను అందరూ మరచిపోయారు. పెంపుడు పశువుల్లో తామర లాంటివి చర్మం, వెంట్రుక దాటి లోపలికి పోవు కాబట్టి చిన్నచూపు. అడవి జంతువులకు మాత్రం అవి పెద్ద ముప్పు. 2006లో అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో ఒక గుహలో తొలిసారి కనిపించిన తెల్లముక్కు జబ్బు శిలీంధ్రానికి చలి ఇష్టం. శీతకాల నిద్రలో శరీరం చల్లబడిన గబ్బిలాల మూతి మీద, రెక్కల మీద పెరుగుతుంది. అది విషంతో చంపదు. నిద్రను చెడగొడుతుంది. మేల్కొన్న ప్రతిసారీ గబ్బిలం ఒళ్ళు వేడెక్కించుకోవడానికి దాచుకున్న కొవ్వు ఖర్చు చేస్తుంది. వసంతం రాకముందే కొవ్వు అయిపోతుంది. బయట పురుగు లేదు, లోపల కొవ్వు లేదు.

కప్పలను చంపే కైట్రిడ్ శిలీంధ్రం ఇంకా బాధాకరం. కప్ప చర్మంతోనే నీటినీ లవణాలనూ పీల్చుకుంటుంది. శిలీంధ్రం ఆ చర్మాన్ని మందంగా, పనికిరానిదిగా చేస్తుంది. రక్తంలో సోడియం, పొటాషియం పడిపోయి గుండె ఆగుతుంది. 2019లో వచ్చిన ఒక అంచనా ప్రకారం 501 ఉభయచర జాతులు దీని వల్ల తగ్గాయి, వాటిలో 90 అంతరించి ఉండవచ్చు. లేగదూడ గారి దూడ గుండె, ఈ కప్ప గుండె ఆగిన కారణాలు ఎంత దగ్గరగా ఉన్నాయో చూడండి, రెండింటిలోనూ లవణాల లెక్కే తప్పింది.

గుడ్లగంప | గురువారం, సాయంత్రం 5:10

పిచ్చి ఆవు జబ్బుకు బాక్టీరియా, వైరస్, శిలీంధ్రం ఏదీ కారణం కాదని విన్నాను. ప్రాణమే లేనిది అంటురోగం ఎలా తెస్తుంది?

స్లయిడ్‌గాజు | గురువారం, రాత్రి 9:00

నాడీకణాల మీద సహజంగా ఉండే ఒక మాంసకృత్తి ఉంది. అది ఒక పద్ధతిలో మడత పడి ఉంటుంది. అదే మాంసకృత్తి తప్పుడు మడత పడితే ప్రియాన్ అంటారు. తప్పుగా మడిచినది మంచిదాన్ని తాకి దాన్నీ తనలా మడిచేస్తుంది. అందులో జన్యుపదార్థం లేదు, అది పిల్లలు పెట్టదు, పక్కవాటి ఆకారాన్ని మార్చుతూ పోతుంది. ఏళ్ళ తరబడి పేరుకుని మెదడు స్పంజిలా రంధ్రాలు పడుతుంది. సొంత మాంసకృత్తే కాబట్టి శరీరం దాన్ని పరాయిదిగా గుర్తించదు, జ్వరం రాదు, యాంటీబాడీలు పుట్టవు. ఆ మాంసకృత్తి అసలే లేకుండా పుట్టించిన ఎలుకలకు ప్రియాన్లు ఎక్కించినా జబ్బు రాలేదు. నాకు అన్నింటికంటే నమ్మకం కలిగించిన రుజువు అదే.

బ్రిటన్‌లో 1986లో ఈ జబ్బును గుర్తించారు. పశువుల మాంసం, ఎముకల పొడిని పశువులకే మేపడం వల్ల పాకింది. 1988లో ఆ మేతను నిషేధించారు. జబ్బు బయటపడటానికి నాలుగైదేళ్ళు పడుతుంది కాబట్టి నిషేధం తర్వాత కూడా ఏళ్ళ తరబడి కేసులు పెరుగుతూనే వచ్చాయి. ప్రియాన్లను ప్రతిపాదించిన స్టాన్లీ ప్రుసినర్‌కు 1997లో నోబెల్ బహుమతి వచ్చింది. మేం నమూనాలను నిల్వచేసే ఫార్మలిన్ కూడా దీన్ని చంపలేదు, అందుకే ఆ నమూనాలకు విడిగా జాగ్రత్తలుంటాయి.

లేగదూడ | ఆదివారం, ఉదయం 7:20, పది రోజుల తర్వాత

అందరికీ నమస్కారం. మీరు ఇలా చర్చిస్తున్న గురువారం రాత్రే ఆవు ఈనింది. పెయ్యదూడ. గంటలోపే ముర్రుపాలు పట్టాను, ఆరు గంటల్లో రెండోసారి పట్టాను. నాలుగో రోజు దాటగానే ఈ.కోలై భయం తగ్గింది, తొమ్మిదో రోజు కోసం బిక్కుబిక్కుమంటూ ఎదురుచూశాను. మొన్న శుక్రవారం పొద్దున పలుచగా పసుపురంగులో పారింది.

మెడ చర్మం పట్టి వదిలాను. మూడు సెకన్లు. ఇంకా సమయం ఉందని డాక్టరుగారి మాట గుర్తొచ్చింది. పాలు ఆపలేదు, మధ్యలో రెండేసి లీటర్ల ద్రవం రోజుకు మూడుసార్లు పట్టాను. నిన్న రాత్రి ముడత వెంటనే పోయింది. ఈ ఉదయం తానే లేచి తల్లి పొదుగును తలతో పొడుస్తూ తాగింది. పేడ నమూనా పంపాను, ఈసారి క్రిప్టోస్పోరిడియం అని వచ్చింది. రోటా కాదు! ఇది మళ్ళీ ఏమిటి? పాక ఎలా కడగాలి?

సూదిమందు | ఆదివారం, ఉదయం 8:30

శుభవార్త చెప్పారు. ఇంకో నాలుగు రోజులు ఆ ముడత చూస్తూ ఉండండి, పారుడు తగ్గినట్లే తగ్గి మళ్ళీ రావచ్చు. ద్రవం చేతికి అందేలా ఉంచండి. వచ్చే చూడికి ఆవుకు ఈ.కోలై, రోటా టీకా ఈనడానికి కొన్ని వారాల ముందే వేయించండి. టీకా పనిచేసేది ముర్రుపాల ద్వారానే, పుట్టిన ఒక రోజు తర్వాత పేగు ఆ యాంటీబాడీలను రక్తంలోకి రానివ్వదు.

స్లయిడ్‌గాజు | ఆదివారం, ఉదయం 9:05

క్రిప్టోస్పోరిడియం ఏకకణ జీవి. చూషకాల కణాల పైపొర కిందే ఇల్లు కట్టుకుంటుంది, కణం లోతుకు దిగదు. పేడతో వచ్చే దాని గుడ్ల పెంకు చాలా గట్టిది, మామూలు క్రిమిసంహారకాలు, బ్లీచింగ్ దాన్ని ఏమీ చేయలేవు. వేడికీ ఎండకూ మాత్రం తట్టుకోలేదు. పేడ, పరిచిన గడ్డి మొత్తం ఎత్తేసి, మరిగిన నీళ్ళతో కడిగి, నేల పూర్తిగా ఎండేవరకు పాకను ఖాళీగా వదలండి. తర్వాతి దూడను ఇప్పటివరకు ఏ దూడా ఉండని చోట కట్టండి. ఇది మనుషులకూ అంటుతుంది. దూడను పట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోండి, చిన్నపిల్లలను కొన్నాళ్ళు దగ్గరికి రానివ్వకండి.

లేగదూడ | ఆదివారం, ఉదయం 9:20

నీళ్ళు పొయ్యి మీద పెట్టాను మేడం. దూడను ఇప్పుడే అవతలి పందిట్లోకి మార్చాను.